ముడిసరకు ఎగుమతి: సత్నాం సింగు క్రీడాజీవితము

కల్హేరు ప్రాంతమున ఒక బాలుడు పదునాలుగవ యేటనే ఆఱడుగులు దాటి పెరిగినచో ఊరివారు వానిని తాటిచెట్టని పిలుతురు. బడిలో వెనుకబల్లకు పంపుదురు. ఇంట అటకమీది గంగాళమును దింపవలసివచ్చినపుడు వానిని కేకవేయుదురు. కొలతకు చొక్కా దొరకలేదని తల్లి విసుగుకొనును. పెండ్లినాటికి ఈడును జోడును కుదురునా యని తాత చింతించును. వాని పొడవునకు మన సంఘమునందు గల ఉపయోగ మింతియే. ప్రభుత్వము మాత్రము ఒక్కచోట కొలబద్ద పట్టును. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు వచ్చు పురుషుడు సాధారణముగా 167.6 సెంటీమీటర్లకు తక్కువ కారాదని తెలంగాణమున నియమము కలదు. ఆ గీత దాటిన పిమ్మట అంతకు మించిన యెత్తు దేనికిని లెక్కకు రాదు.

అట్టి పొడవైన బాలుని చరిత్ర నొకదానిని నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. ఆతడు మన తెలుగువాడు కాడు; పంజాబు రైతుబిడ్డ. పేరు సత్నాం సింగు భమరా. అమెరికాలోని ఎన్.బి.ఏ. యను బాస్కెట్‌బాల్ లీగునకు చెందిన జట్టొకటి 2015 జూను 25వ తేదిన ఆతనిని ఎన్నుకొనెను. భారతదేశమున పుట్టినవారిలో ఆ గౌరవ మందినవా డతడే మొదటివాడు. నాడు దేశమున పత్రికలన్నియు జయఘోష చేసినవి. ఆ ఘోషకు ముందటి కథయు తరువాతి కథయు వినినవారు తక్కువ. పత్తి పండించు మా పాఠకుల కీ కథ యొకవిధముగా పరిచితమైనదే. ఒకనాడు మన దూది ఓడలెక్కి మాంచెస్టరునకు పోయి, బట్టయై మరలివచ్చి, మన మగ్గమునే మూయించెను. పిల్లల శరీరబలము విషయమున మనము నేడు చేయుచున్న బేరము అంతకంటె మేలైనది కాదని మా యభిప్రాయము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణశాలలో, జేమ్సు నైస్మితు అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున ఇంటిలోపల నాడుకొనుటకై ఈ క్రీడను కల్పించెను. పీచు పండ్లు పోసికొను బుట్టలను రెండింటిని పది యడుగుల యెత్తున గల వసారా కమ్మికి మేకులతో బిగించి, పదునెనిమిదిమంది విద్యార్థులను రెండు పక్షములుగా జేసి యాడించెను. ఆ పది యడుగుల యెత్తు నేటికిని మాఱలేదు. నాలుగేండ్ల తరువాత, 1895లో, అదే సంస్థకు చెందిన విలియం మోర్గను వాలీబాలును కనిపెట్టెను. ఈ రెండాటలును వై.ఎం.సి.ఏ. వారి వెంటనే మన దేశమునకు వచ్చినవి. 1920లో హెచ్.సి. బక్కు దొర మదరాసులో స్థాపించిన వ్యాయామ కళాశాలనుండి డ్రిల్లు మాస్టర్లు దక్షిణదేశపు పాఠశాలలకు బయలుదేఱిరి. ఒకే తల్లి బిడ్డలవంటి యీ రెండింటిలో వాలీబాలు మన పల్లెలకు దిగెను. బాస్కెట్‌బాల్ పట్టణములలోని కళాశాలలను, కాన్వెంటు బడులను పట్టుకొని నిలిచిపోయెను. కారణము సులభము. వాలీబాలునకు రెండు గుంజలు, ఒక వల, కాస్త చదునైన నేల చాలును. బాస్కెట్‌బాలులో బంతిని నేలకు కొట్టుచు పరుగెత్తవలెను గాన గట్టినేల కావలయును. నల్లరేగడిలో బంతి లేవదు.

సత్నాం సింగు 1995 డిసెంబరు 10వ తేదిన పంజాబులోని బల్లోకే గ్రామమున జన్మించెను. ఆ యూరు నేటి బర్నాలా జిల్లాలోనిది. జనసంఖ్య వందలలోనే లెక్కింపదగిన చిన్న పల్లె. తండ్రి శ్రీ బల్బీరు సింగు గారు సేద్యము చేయువారు. ఒక పిండిమరయు కలదు. ఆయనయే ఏడడుగులు దాటిన మనిషి. యౌవనమున ఆయనను చూచినవారు బాస్కెట్‌బాల్ ఆడుమని ప్రోత్సహించిరట. ఇంటి పెద్దలు మాత్రము పొలము విడిచి పోనీయలేదు. ఆయన నాగలి పట్టెను, మర నడపెను, ఆ యెత్తుతోడనే గ్రామమున జీవించెను. కుమారుడు తొమ్మిది పదేండ్లకే ఈడువారికంటె బారెడు మించి పెరుగుచుండుట చూచి, తనకు మూసిన తలుపును కొడుకునకు తెఱవవలెనని నిశ్చయించుకొనెను.

ఇచట మేము కొంచెము నిలువదలచినాము. మా పాఠకులలో పెక్కురు భూవసతి గలవారు. పొలమున్న యింట పుట్టిన కొడుకు ఏమి కావలెనో ముందుగనే నిర్ణయమై యుండును. చదివిన ఇంజనీరు, చదువకున్న సేద్యము. నడుమ మఱియొక మార్గము తోచదు. ఆటలలో పొద్దుపుచ్చు పిల్లవాడు చెడినవాడనియే మన లెక్క. బల్బీరు సింగు గారి తండ్రులును అట్లే తలచిరి. వారు దుర్మార్గులు కారు, నాటి పరిస్థితిలో వారు చెప్పినది తప్పును కాదు. ఆటనాడి నాలుగు మెతుకులు తినగలిగినవారు నాడు ఆ ప్రాంతమున ఎందఱుండిరి? తరము మాఱినను ఆ ప్రశ్నకు సరియైన సమాధానము పుట్టలేదు. అయినను కొడుకును పంపిన ఆ రైతుయొక్క సాహసము మాకు కుమారుని ఎన్నికకంటెను గొప్పదిగా తోచుచున్నది. పదేండ్ల బిడ్డను పొలమునుండి విడదీసి, ఊరికి దూరముగా వసతిగృహమున నుంచి, బంతి విసరుట నేర్పుడని అప్పగించుట సామాన్యమైన పని కాదు.

అప్పగించిన చోటు లూధియానా. అచట గురునానకు స్టేడియమున పంజాబు బాస్కెట్‌బాల్ సంఘమువారి అకాడెమీ యొకటి యుండెను. దానికి ప్రాణము డాక్టరు ఎస్. సుబ్రహ్మణ్యం గారు. పేరును బట్టియే దక్షిణాదివారని తెలియును. పంజాబులో ఎత్తైన కుఱ్ఱవాండ్ర కొఱత లేదని, కొఱత యెల్ల చిన్ననాటనే చేరదీసి నేర్పువారిదేయని గ్రహించి, ఊరూర వెదకి పిల్లలను తెచ్చి తీర్చిన గురువాయన. ఎత్తైన పిల్లవానికి నేర్పుట పొట్టివానికి నేర్పుటకంటె కష్టము. ఎముక ముందు పెరుగును, కండ వెనుక వచ్చును. కాళ్లు మాట వినవు. అడుగు వేయుట, తిరుగుట, రెండు చేతులతో బంతి నందుకొనుట, వెన్నుతో ఎదిరివానిని ఆపుట ఒక్కొక్కటియు వేయిసార్లు చేయింపవలయును. ఆ ఓర్పు సుబ్రహ్మణ్యం గారికి కలదు. తన శిష్యుని పేరు ఎన్.బి.ఏ. సభలో వినబడుటకు రెండేండ్ల ముందే, 2013లో, ఆయన కాలధర్మము నొందెను.

ఇచటినుండి కథ మలుపు తిరుగును. 2010లో ఐ.ఎం.జి. అను అమెరికా సంస్థయు రిలయన్సు సంస్థయు కలిసి యేర్పఱచిన కంపెనీ భారత బాస్కెట్‌బాల్ సమాఖ్యతో 30 సంవత్సరముల ఒడంబడిక చేసికొనెను. ఆ యేడే కొందఱు బాలబాలికలకు విద్యార్థివేతనము లిచ్చి ఫ్లోరిడా రాష్ట్రమున బ్రాడెంటను పట్టణమందలి ఐ.ఎం.జి. అకాడెమీకి పంపిరి. వారిలో సత్నాం ఒకడు. నాటి కతనికి 14 ఏండ్లు. ఇంగ్లీషు దాదాపుగా రాదు. ఆ పిల్లలకు విద్యార్థివేతన మిచ్చుట మంచి పనియే. దానిని మేము తప్పుపట్టము. కాని ఒడంబడిక నాడు అందఱును ఎదురుచూచినది దేశములోననే వృత్తి లీగు. ఆ సంస్థవారు 2014లో ఫుట్‌బాలునకు లీగును నడిపించి చూపిరి. బాస్కెట్‌బాలునకు మాత్రము వారి లీగు అవతరింపలేదు. విత్తనము పైదేశమున మొలకెత్తుటకు పోయెను. ఇంట మడి దున్నినవారు లేరు.

బ్రాడెంటనులో ఆ బాలుడు ఐదేండ్లు గడపెను. ఉదయము చదువు, తక్కిన కాలము సాధన. నడుమ 2011లో, 15 ఏండ్ల ప్రాయమునందే, చైనాలోని వుహాను నగరమున జరిగిన ఆసియా పోటీలలో భారత జట్టు తరఫున నాడెను. దేశపు పెద్దల జట్టులో మీసము మొలవని బాలుడు నిలిచినాడన్నచో, అది బాలుని గొప్పతనమునకు ఎంత నిదర్శనమో మన జట్టులోని వెలితికిని అంతియే నిదర్శనము. 1980లో మాస్కో ఒలింపిక్సునకు పెక్కు దేశములు పోకుండుటచే మనకొక అవకాశము దొరికెను. అచట ఆడిన ఆటలన్నియు ఓడితిమి. ఆ తరువాత మఱల ఒలింపిక్సు బాస్కెట్‌బాల్ గడప త్రొక్కలేదు.

అమెరికాలో ఉన్నత పాఠశాల ముగించిన ఆటగాడు సాధారణముగా విశ్వవిద్యాలయ జట్టులో చేరును. అది మఱియొక మెట్టు. సత్నాం ఆ మెట్టెక్కలేకపోయెను. అచటి కళాశాల క్రీడాసంఘము విధించు చదువు పరీక్షలను, పదునాలుగవ యేట ఇంగ్లీషు మొదలుపెట్టిన బాలుడు సకాలమున దాటలేదు. వేఱు దారి లేక 2015లో నేరుగా ఎన్.బి.ఏ. ఎన్నికకు పేరిచ్చెను. పంతొమ్మిదేండ్ల వయోనియమము 2005లో వచ్చిన తరువాత, కళాశాలగాని ఏ వృత్తి లీగుగాని చూడకుండ ఎన్నికైనవా డతడే మొదటివాడు. పత్రిక లీ విషయమును ఘనతగా వ్రాసినవి. మాకది ఘనతగా కనబడలేదు. రెండు మెట్లు లేని నిచ్చెనపై నిలిచిన బాలుని పాదములు గాలిలో వ్రేలాడుచుండుటయే కనబడినది.

ఎన్నిక యనగా నేమి? ముప్పది జట్లు, రెండు వరుసలు, అఱువది పేర్లు. సత్నాం పేరు 52వది. డల్లాసు మావెరిక్సు జట్టు అతనిని పిలిచెను. మొదటి వరుసలో పేరు వచ్చినవారికి జీతము ఖాయము. రెండవ వరుసవారికి అట్టి హామీ లేదు. నాడు ఎన్.బి.ఏ.లో క్రొత్త ఆటగానికి కనీసపు సాలు జీతము 5,25,093 డాలర్లు. క్రింది స్థాయి లీగులో ఇరువదియైదు వేల డాలర్ల ప్రాంతమే మిక్కిలి పైజీతము. పిలుపు వచ్చిన రాత్రి మన దేశమున మిఠాయిలు పంచినవారికి ఈ భేదము తెలియదు. సత్నాం పోయినది ఆ క్రింది లీగులోని టెక్సాసు లెజెండ్సు జట్టునకు. 2015నుండి 2017వఱకు రెండు ఋతువులు అచటనుండెను. ఆటలో దింపినది కొన్ని నిమిషములే. వేసవి పోటీలలో డల్లాసు చొక్కా తొడిగెను గాని, ఎన్.బి.ఏ. ఋతువులో ఒక్క ఆటయు ఆడలేదు.

ఎందుకు? కాలము కూడ పగబట్టెనని చెప్పవలయును. ఎన్నికకు తొమ్మిది దినముల ముందు, జూను 16న, గోల్డెను స్టేటు వారియర్సు అను జట్టు ఆ యేటి ఎన్.బి.ఏ. విజేతయైనది. ఆ తుదిపోటీలలో నాలుగవ ఆటనాటికి వెనుకబడియున్న ఆ జట్టు గురువు, ఏడడుగుల ఆటగాడైన ఆండ్రూ బోగటును కూర్చుండబెట్టి, అంతకంటె పొట్టివాడును చుఱుకైనవాడును అగు ఆండ్రీ ఇగ్వడాలాను దింపెను. ఆటల వరుస తిరిగెను. దూరమునుండి బంతి వేసి మూడేసి గుణములు సంపాదించు పద్ధతి రాజ్యమేలసాగెను. బుట్టక్రింద కొండవలె నిలుచు ఆటగాని గిరాకి పడిపోయెను. 7 అడుగుల 2 అంగుళముల సత్నాం సరిగా ఆ గడియలోనే సంతకు వచ్చెను. పండిన పంట బండికెక్కునప్పటికి ధర పడిపోయిన రైతునకు ఈ దుఃఖము వేఱుగా వర్ణింపనక్కఱలేదు.

అయినను కాలమునే నిందించుట న్యాయము కాదు. చైనా దేశమును చూడుడు. షాంఘైవాడైన యావో మింగు 7 అడుగుల 6 అంగుళములవాడు. తల్లిదండ్రు లిరువురును బాస్కెట్‌బాల్ ఆటగాండ్రే. చైనావారు తమ దేశీయ లీగును 1995లో మొదలుపెట్టిరి. యావో 1997లో 17వ యేట సొంత నగరపు జట్టగు షాంఘై షార్క్సులో చేరి, ఐదు ఋతువులు పెద్దవారితో తలపడెను. తొలుత దెబ్బలు తినెను, పిమ్మట కొట్టుట నేర్చెను. 2002లో ఆ జట్టును దేశవిజేతగా నిలిపి, అదే యేట ఎన్.బి.ఏ. ఎన్నికలో అఱువదిమందిలో కాదు, అందఱిలోను మొదటి పేరై హ్యూస్టను నగరమునకు పోయెను. చైనాలో లీగు పుట్టిన సంవత్సరమే సత్నాం పుట్టిన సంవత్సరము. యావో ఇల్లు విడుచునప్పటికి తయారైన సరకు. మన బాలుడు ముడిసరకు. ఒకడు అమ్మకమునకు పోయినాడు, మఱియొకడు తయారీకి పోయినాడు. ఇరువురి ప్రతిభయు సమానమని మేమనము. కాని మన బాలుని ప్రతిభ యెంతయో తూచుటకు ఇంట త్రాసే లేకపోయెను.

తరువాతి సంగతులను త్వరగా చెప్పుదుము. 2017లో సత్నాం స్వదేశమునకు వచ్చెను. నాటికి యు.బి.ఏ. అను లీగొకటి 2015నుండి మన దేశమున నడచుచుండెను. మన హైదరాబాదు పేరిట స్కై అను జట్టును అందులో నుండెను. దాని పేరైనను విన్నవారు మా పాఠకులలో ఎందఱో సందేహమే. సత్నాం ఢిల్లీ జట్టున నాడెను. ఆ లీగు కొద్ది యేండ్లకే మూతబడెను. 2018–19లో కెనడాకు పోయి సెయింటు జాన్సు ఎడ్జి అను జట్టున చేరెను. 2019 నవంబరులో మత్తు, ఉత్తేజక పదార్థముల నిరోధక సంస్థ పరీక్షలో నిషిద్ధ పదార్థము కనబడుటచే ఆతనిని ఆటనుండి తొలగించి, 2020 డిసెంబరులో రెండేండ్ల నిషేధమును ప్రకటించిరి. దీనిని దాచుట మా పద్ధతి కాదు. దీనినే పట్టుకొని ఆతని నంతటిని తూచుటయు మా పద్ధతి కాదు. 2021లో అమెరికాలోని ఒక కుస్తీ ప్రదర్శన కంపెనీ ఆతనిని చేర్చుకొనెను. 2022 ఏప్రిలులో ఆతడు ఆ రంగస్థలి నెక్కెను. జనము ఆతని ఎత్తు చూచి ఆశ్చర్యపడుట కచట రుసుము చెల్లింతురు. ఇరువదియాఱేండ్ల వయసున, యావో వంటివాడు ఆటలో నిండుగా వెలుగు ప్రాయమున, సత్నాం బంతిని విడిచెను.

2016లో ఆతనిని గూర్చి వచ్చిన చలనచిత్రమునకు నూఱుకోట్లలో ఒకడను అర్థము వచ్చు పేరు పెట్టిరి. దానిని పొగడ్తయని యనుకొనుట మన అమాయకత్వము. నూఱుకోట్లలో ఒక్కడే దొరకెనన్నమాట మనపై మోపిన నేరారోపణ. నిజమున కదియు సరికాదు. అదే లూధియానా అకాడెమీనుండి పలుప్రీతు సింగు బ్రారు 2016లో అమెరికాలోని ఆ క్రింది లీగునకు ఎన్నికయ్యెను. ప్రిన్సుపాలు సింగును లూధియానాలో మొదలుపెట్టినవాడే; 2021 వేసవి పోటీలలో గెలిచిన శాక్రమెంటో జట్టున నతడు సభ్యుడు. ఒక్క గురువు, ఒక్క గట్టినేల, ఒక్క వసతిగృహము ఉన్నచోట ఇందఱు పుట్టిరి. లేనిచోట ఎవరును పుట్టలేదు. దీనిని దైవయోగమనుట యెట్లు?

మఱి మన దేశమున మిగిలిన బాస్కెట్‌బాల్ ఆటగాండ్రు ఎట్లు బ్రతుకుచున్నారు? ఉద్యోగమువలన. రైల్వే, సైన్యము, చమురు సహజవాయు సంస్థ, బ్యాంకులు తమ జట్లకై వారికి ఉద్యోగము లిచ్చును. దేశపు జట్టునకు నాయకుడుగా నుండిన విశేషు భృగువంశి చమురు సంస్థ ఉద్యోగి. పెండ్లికి పిల్లనిచ్చు మామకు ఈ యేర్పాటు ఎంతయు నచ్చును, పింఛను కలదు. కాని ఉద్యోగము దొరకినదాక ఆడుట, దొరకిన పిమ్మట ఆట తగ్గించుట సహజమగును. 2022లో ఐ.ఎన్.బి.ఎల్. అను క్రొత్త లీగు మొదలైనది. తొలి ఋతువులోని ఆఱు జట్లలో చెన్నై, బెంగుళూరు, కొచ్చి కలవు, తెలుగుగడ్డ లేదు. 2025లో ఆ పేరిట నడచిన మఱియొక పోటీలో హైదరాబాదు ఫాల్కన్సు అను జట్టు చేరెను. ఇది స్థిరపడునా యని మాకును ఆత్రుతగనే యున్నది.

ఇంట మెట్లు కట్టినచో నేమగునో తెలిసికొనుటకు మన తెలుగువారు చైనాకు పోనక్కఱలేదు. సత్నాం పుట్టిన యేడే, 1995 జూలై 5న, హైదరాబాదులో పి.వి. సింధు పుట్టినది. ఆమె తండ్రి శ్రీ పి.వి. రమణ గారు 1986 సియోలు ఆసియా క్రీడలలో కంచుపతకము తెచ్చిన వాలీబాలు జట్టులోనివారు. తల్లి శ్రీమతి విజయ గారును వాలీబాలు క్రీడాకారిణియే. ఇరువురును రైల్వే ఉద్యోగులు. వారి పొడవు బిడ్డకు వచ్చెను. అయిదడుగుల పది యంగుళముల ఆ యెత్తు బాడ్మింటను ఆటలో ఆయుధమయ్యెను. ఎట్లన, 2001లో ఆల్ ఇంగ్లండు విజేతయైన శ్రీ పుల్లెల గోపీచందు గారు, సొంత యింటిని తాకట్టుపెట్టి గచ్చిబౌలిలో అకాడెమీ కట్టి 2008లో తెఱచిరి. ఆ బాలిక దినదినము ఇంటినుండి వెళ్లి అచట నేర్చుకొనెను. అచట శిక్షణ పొందిన సైనా నెహ్వాలు 2012లో లండనున కంచును, సింధు 2016లో రియోలో వెండిని తెచ్చినారు. టోక్యోలో 2021లో కంచును, అంతకుముందు 2019లో ప్రపంచవిజేత బిరుదును సింధు గెలిచెను. తల్లి చేతి అన్నము తినుచు, తన భాష మాటాడు గురువునొద్ద నేర్చి ప్రపంచమును జయించిన బిడ్డ యామె. సత్నామునకు పదునాలుగవ యేట దూరమైనవి ఈ రెండే.

మన చెడుగుడు సంగతియు చెప్పక తీరదు. 2014లో ప్రొ కబడ్డీ లీగు వచ్చువఱకు అది జాతరలో ఆడు ఆటగానే యుండెను. 2023 వేలములో తెలుగు టైటాన్సు జట్టు పవను సెహ్రావతునకు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పలికెను. ఇది విని మా మిత్రుడొకడు, తెలుగుపేరున్న జట్టునకు ఉత్తరాదివాడు నాయకుడేల యని కోపించెను. కోప మక్కఱలేదు. హర్యానా, ఢిల్లీ ప్రాంతములవారు చిన్ననాటనుండి మట్టిలో పిల్లలను తయారుచేయుచున్నారు, మనము వేలమునాడు మేల్కొనుచున్నాము.

ఇక కల్హేరు. నారాయణఖేడు డివిజనులో, నిజాంసాగరమునకు చేరువనున్న సీమ యిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలిసి వినవచ్చు సరిహద్దు ప్రాంతము. తండాల పిల్లలు బలమునందు ఎవరికిని తీసిపోరు. సంగారెడ్డినుండి నాందేడు పోవు జాతీయ రహదారి ఈ వైపుననే సాగుచున్నది గాన హైదరాబాదు పూర్వమువలె దూరము కాదు. పొరుగున నిజామాబాదు సీమలోని పాకాలకు చెందిన మాలావతు పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, 2014 మే 25న పదునాలుగేండ్లయినను నిండకుండగనే ఎవరెస్టు శిఖర మెక్కినది. ఆమెను వెదకి పట్టుకొని, శిక్షణ యిప్పించిన వారుండిరి గనుక ఎక్కినది.

మేము కోరునది పెద్ద స్టేడియము కాదు. స్టేడియము కట్టించుట మన ప్రజాప్రతినిధులకు ఇష్టమైన పని, శంకుస్థాపన ఫలకముండును. మేము కోరునది మండలమున నొక్క పాఠశాలలోనైనను 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల సిమెంటు నేల, రెండు ప్రక్కల రెండు గుంజలు, నేలనుండి 3.05 మీటర్ల యెత్తున రెండు ఇనుప వలయములు. వరికోతల కాలమున రైతులు దానిపై ధాన్య మారబోసికొనకుండ చూచు బాధ్యత మాత్రము పెద్దలదే. మాకు మనవారి సంగతి తెలియును. నేల కట్టిన తరువాత వ్యాయామోపాధ్యాయుడు కావలయును. ఆ ఖాళీని పూరింపకుండ ఏండ్లు గడపి, సాయంకాలము బడికి తాళము వేసిన పిమ్మట ఆ నేల యెందులకు?

ఈ యూరి భూస్వాములు దేవాలయ గోపురమునకు, పెండ్లి పందిళ్లకు చేయు వ్యయమును మేము వలదనము. వారిలో నలుగురు కూడి, సంవత్సరమునకు పదిమంది పొడవైన పిల్లలకు పాలు, గ్రుడ్లు, బూట్లు సమకూర్చి, నియోజకవర్గపు మండలముల నడుమ సంక్రాంతికొక పోటీ నడపినచో అది మొదటి మెట్టగును. పై మెట్టు జిల్లా పరిషత్తు చూచుకొనవలెను, ఆపైది హకీంపేట క్రీడా పాఠశాల, దానిపైది హైదరాబాదు జట్టు. జిల్లా పరిషత్తువారికి విజ్ఞాపనము వ్రాయదలచువారు నేల కొలతలతోపాటు వ్యాయామోపాధ్యాయుని నియామకమును కూడ ఆ కాగితముననే, ముందు పంక్తిలోనే చేర్చుదురు గాక.